ధారావాహికాద్భుతకథలలో పూర్వాపరవిరోధము

అద్భుతకథలో ఏదైనను జరుగవచ్చునని లోకమున ఒక అభిప్రాయము కలదు. గుఱ్ఱము ఆకాశమున ఎగురవచ్చును, చిలుక మాటలాడవచ్చును, చచ్చినవాడు బ్రతుకవచ్చును. అట్టి కథలో ఇది పొసగదు, అది పొసగదు అని లెక్కలు తీయుట అరసికుల పని యని పలువురు తలంతురు. ఈ అభిప్రాయము పైకి ఉదారముగా కనబడినను పరిశీలనకు నిలువదు. గుఱ్ఱము ఎగిరినందుకు ఏ పిల్లవాడును ఆక్షేపింపడు. కాని ఎగురగల గుఱ్ఱము చెంతనుండగా వీరుడు ఏటి యొడ్డున పడవకై యేల కనిపెట్టుకొని కూర్చుండెనని తప్పక అడుగును. మొదటిది అద్భుతము, రెండవది విరోధము. ఈ రెంటికిని గల భేదమును గుర్తించి, తెలుగువారు తరతరములుగా చదివిన దీర్ఘకథలలో అది యెట్లు వర్తించునో విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ఈ విచారము పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకొన్నది కాదు. దండి తన కావ్యాదర్శమున కావ్యదోషములను పదింటిని పరిగణించుచు వానిలో ‘వ్యర్థము’ అను దోషమును పేర్కొనెను. ఇచట వ్యర్థమనగా పనికిమాలినదని అర్థము కాదు. విరుద్ధమైన అర్థము కలదని అర్థము. ఒక వాక్యమునందు గాని, ఒక ప్రబంధమునందు గాని ముందు చెప్పినదానిని వెనుక చెప్పినది కొట్టివేసినచో అది వ్యర్థదోషమగును. దేశమునకు, కాలమునకు, లోకమునకు విరుద్ధముగా చెప్పుట వేరొక దోషము. దండి ఇంతటితో ఆగలేదు. మనస్సు తీవ్రమైన ఆవేశమునకు లోనైన దశలో మనుష్యుని నోట పరస్పరవిరుద్ధమైన మాట వచ్చినను అది దోషము కానేరదని మినహాయింపును కూడ చూపెను. ఈ మినహాయింపు విమర్శకునకు మంచి కొలబద్ద. విరోధము కనబడినప్పుడు అది ఎవరిది, పాత్రదా, కవిదా, అని మొదట అడుగవలెను. పాత్ర మరచినచో అది స్వభావచిత్రణము. కవి మరచినచో అది దోషము.

అయితే విరోధమువలె కనబడునదంతయు విరోధము కాదు. ఈ విషయమును గౌరిబిదనూరు, చింతామణి ప్రాంతముల తెలుగువారు పుస్తకములు చూడకయే ఎరుగుదురు. చింతామణి తాలూకాలోని కైవారమే భారతమునందలి ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని వధించినది అచటనేయనియు స్థలకథ కలదు. ఏకచక్రపురము తమదేయని చెప్పుకొను ఊళ్లు దేశమున ఇంకను కలవు. ఒక్క బకాసురుడు ఇన్ని చోట్ల ఎట్లు చచ్చెనని తర్కించి ఈ కథలను త్రోసివేయుట తగదు. ఇవి ఒకే కథకుడు చెప్పిన ఒకే కథలోని భాగములు కావు. వేరువేరు ఊళ్లవారు తమతమ కొండలను, చెరువులను చూచుచు చెప్పుకొన్న వేరువేరు కథలు. ఇది పాఠభేదము. ఒకే కథనములో ముందుమాటను వెనుకమాట చెరిపివేసినప్పుడే అది విరోధమగును.

గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థము మరియొక భేదమును చూపును. భాగవతము తృతీయస్కంధమున విదురుడు హస్తినాపురమును విడిచి తీర్థయాత్రలు చేసి, ఉద్ధవుని, ఆ పిమ్మట మైత్రేయుని దర్శించెనని కలదు. ఆ యాత్రలో ఆయన అడుగిడిన ప్రతి చోటును గ్రంథము చెప్పలేదు. చెప్పని ఆ యెడమున, ఉత్తరపినాకినీ తీరమున ఆయన ఒక అశ్వత్థమును నాటెనని ఈ సీమవారు చెప్పుకొనిరి. దీనివలన మూలమునకు హాని లేదు. కథలో మిగిలిన యెడము వేరు, కథకు పడిన చిల్లు వేరు. యెడములో ఇంకొక కథ మొలచును. చిల్లులో నుండి ఉన్న కథయే కారిపోవును.

యెడమును పూరించుటలో తెలుగువారికి గల ఘనమైన ఉదాహరణము ఎఱ్ఱన. నన్నయభట్టారకుడు 11వ శతాబ్దిలో భారతమును ఆరంభించి అరణ్యపర్వము నాలుగవ ఆశ్వాసము నడుమ విడిచెను. 13వ శతాబ్దిలో తిక్కన ఆ శేషమును ముట్టక విరాటపర్వము నుండి సాగించెను. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన నడిమి భాగమును పూరించుచు, తన ప్రభువు వేఱైనను, ఆ భాగమును రాజరాజనరేంద్రుని పేరనే నడిపెను. ఆరంభమున నన్నయ రీతిని, పోనుపోను తిక్కన రీతిని అనుసరించెనని విమర్శకులు గుర్తించియున్నారు. మూడు శతాబ్దుల కాలములో ముగ్గురు కవులు వ్రాసిన గ్రంథమునందు అతుకు కనబడకుండ చేయుటకు ఎంత వినయము, ఎంత జ్ఞాపకము కావలెనో ఇందువలన తెలియును. ఒకే రచయిత ఒకే కథను కొన్ని యేండ్లపాటు వ్రాయునపుడు తన మాటను తానే మరచినచో దానికి ‘అద్భుతకథ గదా’ అనుట తగిన సమాధానము కాదు.

తెలుగునాట దీర్ఘమైన అద్భుతకథామాలికలలో మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీకథలు సుప్రసిద్ధములు. ఇవి 12 భాగములు. మణిసిద్ధుడను బ్రాహ్మణుడు కాశికి పోవ సంకల్పించును. తోడు వచ్చువాడు దొరకడు. తుదకు పసులకాపరియైన గోపుడు వచ్చుటకు ఒప్పుకొనును గాని ఒక నియమము పెట్టును. మజిలీలో తాను చూచిన వింతను గూర్చి అడిగినప్పుడెల్ల దాని కథను చెప్పవలెను. చెప్పనిచో వెనుకకు మరలిపోవును. మణిసిద్ధుని యొద్ద జరిగిన దానినెల్ల తెలుపు మణి యుండుటచే ఆయన చెప్పగలుగును. ఈ కట్టడియందలి నేర్పును గమనింపవలెను. మణి జరిగినదానిని తెలుపును గాని, జరుగవలసినదానిని తాను చేసిపెట్టదు. ఎండ, దాహము, నడకయొక్క అలసట యథాప్రకారముగనే యుండును. మాహాత్మ్యమునకు హద్దు ఏర్పడినందున ఆ మణి కథను మింగివేయదు.

ఇట్టి హద్దు లేనిచో ఏమగునో ఇటీవలి ఆంగ్ల అద్భుతకథలు చూపుచున్నవి. హారీ పాటర్ కథలలో 1999లో వెలువడిన మూడవ గ్రంథమున కాలమును వెనుకకు త్రిప్పు యంత్రమొకటి వచ్చును. దానితో ఇద్దరి ప్రాణములు నిలుచును. అంతట ప్రపంచమందలి పిల్లలెల్లరు, తరువాతి ఆపదలలో దానిని ఏల వాడరని అడుగ నారంభించిరి. 2003లో వెలువడిన అయిదవ గ్రంథమున ఆ యంత్రములు పగిలిపోయినట్లు చెప్పబడినది. ప్రశ్న పుట్టిన తరువాత కట్టిన గట్టు ఇది. మణిసిద్ధుని మణికి మొదటి మజిలీ నాడే గట్టు కలదు.

అయినను కాశీమజిలీలలో లోపము లేదనరాదు. భాగములు పెరిగిన కొలది ఒక్కొక్క కథ అనేకమైన మజిలీలకు వ్యాపించును. భోజుడు, కాళిదాసు, శంకరాచార్యులు మొదలగువారి చరిత్రలు సైతము వచ్చి చేరును. దారిలో చూచిన వింతకును, చెప్పబడు కథకును గల ముడి సడలును. గోపుడు అడిగినందున కథ చెప్పబడుచున్నదను భావము పలుచబడి, కథ చెప్పవలసియున్నందున గోపుడు ఉన్నాడను భావము కలుగును. ఇది తిథివారములలోని తప్పు కాదు. ఆరంభమున పెట్టుకొన్న నియమమును గ్రంథమే మరచుట. దీర్ఘకథలకు సహజముగా పట్టు జబ్బు ఇదియే.

బేతాళకథలలో ఈ చిక్కు మరింత ఆసక్తికరమైనది. 11వ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు కథాసరిత్సాగరమునను, క్షేమేంద్రుడు బృహత్కథామంజరియందును ఈ కథలను చెప్పిరి. ఔచిత్యము కావ్యమునకు ప్రాణమని ప్రతిపాదించిన క్షేమేంద్రుడే ఈ కథలను కూడ సంగ్రహించుట గమనింపదగినది. భిక్షువొకడు కోరగా రాజు శ్మశానమున చెట్టునకు వ్రేలాడు శవమును భుజమున వేసికొని వచ్చును. శవమునందలి బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పినచో శవము మరల చెట్టెక్కును. ఇట్లు 23 పర్యాయములు జరుగును. చివరికి, తండ్రి కూతురిని, కొడుకు తల్లిని వివాహమాడగా వారి బిడ్డలకు పరస్పరము ఏమి వావి యని అడిగినప్పుడు రాజునకు జవాబు తోచదు. ఆ మౌనముతో బేతాళుడు సంతసించి, భిక్షువు నిన్ను బలియిచ్చుటకే ఇదంతయు చేయుచున్నాడని తెలిపి, ఆపదను దాటు ఉపాయమును చెప్పును.

ఈ ముగింపు వలన వెనుకటి కథయంతయు కొత్త అర్థమును పొందును. మాటిమాటికి శవము చెట్టెక్కుట వట్టి వేధింపు కాదు. బేతాళుడు రాజును పరీక్షించుచుండెను. ఆలస్యమే రాజునకు రక్షణమైనది. ఒక రాత్రిలో ఇన్ని కథలు ఎట్లు పట్టునను చిన్న శంక ఈ పెద్ద సమాధానము ముందు నిలువదు. లెక్కలో పొరపాటున్నను ఫలములో పొరపాటు లేదు.

1947 జూలైలో మదరాసున నాగిరెడ్డి, చక్రపాణి గారలు స్థాపించిన చందమామ బేతాళకథలను చేపట్టి, ప్రాచీనములైన కథలు అయిపోయిన పిమ్మట కొత్తవానిని కల్పింపజేసి దశాబ్దములపాటు నడిపెను. ఇచట కథాశిల్పమునకు ఒక కఠినమైన సమస్య వచ్చినది. వచ్చే నెలకు కథ యుండవలెనన్న, ఈ నెల రాజు జవాబు చెప్పియే తీరవలెను. అనగా రాజునకు తెలియని ప్రశ్న ఎన్నటికిని రాకూడదు. తల పగులునను భయము పాఠకునకు మిగులదు. భిక్షువు శ్మశానమున దశాబ్దములు కాచుకొని యుండవలెను. ఇది చిల్లు కాదా యన్నచో, పూర్తిగా కాదనవలెను. చందమామ ప్రతి నెలయు ఒకే ఆరంభముతో కథను ఎత్తుకొని ఒకే ముగింపుతో దించెను. శంకర్ గారి చిత్రములో కత్తిపట్టి, శవమును మోయుచు నడచు రాజు ఏండ్లు గడచినను ముదియడు. నెలనెల వచ్చునది తరువాతి రాత్రి కాదు, అదే రాత్రి. కాలము సాగునని ఆ పత్రిక మాట ఇయ్యలేదు. ఇయ్యని మాట తప్పుట లేదు.

కాని ఇచ్చిన మాట వేరొకటి కలదు. రాజు చెప్పు జవాబునకు ఆధారము బేతాళుడు చెప్పిన కథలోనే యుండవలెను. పాఠకుడు పత్రికను మూసి తానును ఆలోచించి, పిమ్మట రాజు జవాబుతో సరిచూచుకొనును. కథలో లేని సంగతిని రాజు జవాబులో కొత్తగా చేర్చినచో, అప్పుడు పాఠకునకు అన్యాయము జరిగినట్లే. బేతాళకథను పరీక్షింపవలసిన స్థానము ఇది. రాత్రి యెంత పొడవన్నది కాదు.

అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు వ్రాసిన తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం మొదలగు ధారావాహికల స్వభావము దీనికి భిన్నము. ఇచట కాలము నడచును. కిందటి నెల పోగొట్టుకొన్న కత్తి ఈ నెల చేతిలో నుండరాదు. వ్రాయువాడు నెలనెల ఒక భాగమును అచ్చునకిచ్చును. ఒకసారి అచ్చైన భాగమును దిద్దుట సాధ్యము కాదు. చదువువాడు నెల దినములలో కొంత మరచును. అందుకే భాగమునకు ముందు జరిగిన కథను క్లుప్తముగా చెప్పు ఆచారము ఏర్పడెను. ఆ నాలుగు పంక్తులు పాఠకునికే గాక రచయితకును జ్ఞాపకపత్రమని భావింపవచ్చును. కాని చందమామ పాఠకులు ధారావాహికల పుటలను విడదీసి కుట్టి పుస్తకములుగా దాచుకొనిరి. నెలలపాటు విడివిడిగా చదివినది రెండు మూడు దినములలో ఒక్కటిగా చదివినప్పుడు దాగియున్న అతుకులు బయటపడును. కుట్టిన పుస్తకమును మించిన విమర్శకుడు ధారావాహికకు లేడు.

పొరపాటు బయటపడిన పిమ్మట రచయిత చేయదగినది ఏమి? లోకమున మూడు మార్గములు కనబడుచున్నవి. మొదటిది మౌనము. రెండవది మరుముద్రణమున దిద్దుట. మూడవది కథలోనే సమాధానము కల్పించుట. స్పెయిను దేశీయుడైన సెర్వాంటిస్ 1605లో ప్రకటించిన డాన్ క్విక్సోట్ మొదటి ముద్రణములో సాంకో గాడిద పోయినట్లు మాట వచ్చును గాని, ఎట్లు పోయినదో, ఎట్లు తిరిగివచ్చినదో లేదు. ఆ యేడే వచ్చిన రెండవ ముద్రణములో దొంగతనపు ఘట్టము చేర్చబడెను. అదియు పూర్తిగా అతుకలేదు. 1615 నాటి రెండవ భాగమున పాత్రలే ఈ పొరపాటును ప్రస్తావింపగా, అది గ్రంథకర్త తప్పో, అచ్చువేసినవాని తప్పో యని సాంకో తప్పించుకొనును. పాఠకుని ప్రశ్నను దాచక నవ్వుతో ఒప్పుకొనుట ఇందలి సౌజన్యము. టోల్కీన్ మరింత లోతునకు పోయెను. 1937 నాటి హాబిట్ కథలో గొల్లమ్ తన ఉంగరమును పందెముగా ఒడ్డును. తరువాతి మహాకథలో ఆ ఉంగరమును ఎవరును మనసారా విడువలేరని నియమము ఏర్పడెను. 1951 నాటి ముద్రణములో ఆయన ఆ ఘట్టమును మార్చి, మొదటి పాఠము బిల్బో చెప్పిన అబద్ధమని తరువాతి గ్రంథమున చెప్పెను. ఉంగరము చేతికి వచ్చినంతనే అబద్ధమాడించెను గదా యని పాఠకునకు దాని చెడుగు మరింత తెలియును. కవి మరపు పాత్ర స్వభావముగా మారినది. దండి చూపిన మినహాయింపునకు ఇంతకంటె చక్కని లక్ష్యము అరుదు.

దిద్దుబాటు అవసరమే లేని కట్టడమునకు తెలుగున పింగళి సూరన కళాపూర్ణోదయము నిదర్శనము. 16వ శతాబ్ది నాటి ఈ కావ్యమున ఇద్దరు రంభలు ఎదురుపడి నిజమైన రంభను నేనంటే నేనని వాదులాడుదురు. చదువరి కవి పొరబడెనేమో యని శంకించును. కొంత దూరము పోయిన తరువాత ఎవరి రూపమును ఎవరు ఏల ధరించిరో క్రమముగా విప్పబడును. ముందు చిల్లువలె తోచినది పిమ్మట కిటికీయని తేలును. మైసూరు సంస్థాన విద్యాశాఖలో కూడ పనిచేసిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కవిత్వతత్త్వ విచారమున సూరనను పరిశీలించుటలో కథాసంవిధానమునకు ప్రాధాన్యమిచ్చిరి. సూరన గ్రంథము ముగించి లోకమునకు ఇచ్చెను. ధారావాహికకర్తకు ఆ సౌకర్యము లేదు. కావున ఇరువురను ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు గాని, ఉత్తమమైన కట్టడము ఎట్లుండునో తెలిసికొనుటకు సూరన అక్కఱకు వచ్చును.

పై విచారము వలన దీర్ఘకథల విమర్శకు మూడు ప్రశ్నలు సిద్ధించుచున్నవి. ఒకటి, ఈ విరోధము పాత్రదా, కవిదా? రెండు, ఇది యెడమా, చిల్లా? మూడు, ఇది కథ తానై ఇచ్చిన మాటను భంగపరచుచున్నదా? మూడవది అన్నిటికంటె ముఖ్యము. తిథి తప్పినను, గుఱ్ఱము రంగు మారినను చదువరి క్షమించును. ఒక పాత్ర ప్రాణమిచ్చి సాధించిన ఫలమును కథకుడు మరచి రద్దు చేసినచో క్షమింపడు, క్షమింపరాదు. ఆ త్యాగమునకు కన్నీరు పెట్టినవాడు చదువరియే గదా.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. ఈ సరిహద్దు తాలూకాలలో తెలుగు అనేకులకు ఇంటి భాష. కచేరి భాష, అధికసంఖ్యాకులకు చదువుల భాష కన్నడము. తెలుగు లిపి నేర్చిన బాలుడు పాఠ్యపుస్తకమును దాటి తనంతట తాను చదువు మొదటి పొడవైన గ్రంథము తరచుగా ఇట్టి అద్భుతకథయే. చందమామ కన్నడమునను వెలువడినందున ఒకే కథను రెండు భాషలలో చదువు వీలు ఒకనాడు ఉండెను. ఆ పత్రిక 2010వ దశకమున నిలిచిపోయినది. పాత సంచికలు, కుట్టిన పుస్తకములు మిగిలినవి. వానిని చదివిన బాలుడు, ‘కిందటి భాగములో అట్లన్నారు, ఇపుడు ఇట్లన్నారేమి?’ అని అడిగినచో, వాడు వెనుక పుటను మనసున నిలుపుకొని ముందు పుటను చదువుచున్నాడన్నమాట. భాష పట్టుబడినదనుటకు ఇంతకు మించిన గుర్తు లేదు. ‘కథకు కాళ్లు లేవు’ అని వాని నోరు మూయించు పెద్దలు తెలియకయే ఒక చదువరిని పోగొట్టుకొందురు.

కావున ఆ ప్రశ్నను ఆదరించి, ఏ పుటలో ఏమున్నదో వానిచేతనే వెదకింపవలెను. తీరని చిక్కు మిగిలినచో దానికి సమాధానమును వానినే తెలుగున వ్రాయుమనవలెను. బేతాళకథలను చదివించువారు ఆ 25వ కథను కూడ తప్పక చెప్పవలెను. అది తెలియనిచో విక్రమార్కుడు ఫలము లేని బరువును మోయువాడుగానే మిగులును. తెలిసినచో ప్రతి జవాబును, ప్రతి అడుగును అతనిని కాపాడినవని పిల్లలు గ్రహింతురు. కాశీమజిలీలు గోపుని ప్రశ్నతో కదలినవి. బేతాళకథలు బేతాళుని ప్రశ్నతో నిలిచినవి. ప్రశ్న వలన పుట్టి పెరిగిన ఈ కథలు చదువరి ప్రశ్నకు వెరవవలసిన పని లేదు. వాని జవాబులను వెదకు పని మాత్రము వానిని పిల్లల చేతికిచ్చు పెద్దలదియును, ఉపాధ్యాయులదియును అయియున్నది.